ప్రశ్నలు మాత్రమే ఉచితం

ఉదయం ఆరింటికి లేచిన స్టోర్‌కీపర్ ముఖమైనా కడుక్కోకుండా హాల్లో నిలబడి ఇంటిల్లిపాదికీ ఒక నిర్ణయం వినిపించాడు. ఇంటిల్లిపాదీ అంటే భార్య, ఆమె తల్లి, అంతే. పదింటికి విదేశీ అతిథి ఫ్యాక్టరీలో అడుగుపెట్టేదాకా తన నోట ఇంగ్లీషు తప్ప మరో ముక్క రాదన్నది ఆ నిర్ణయం.

"ఆటగాళ్లు ఆటకు ముందు ఒళ్లు వేడెక్కించుకోరూ? ఇదీ అంతే. నేనేం మాట్లాడినా ఇంగ్లీషులోనే. మీకు అర్థం కాకపోతే నన్నేమీ అనకండి," అన్నాడు.

"మంచిమాట. అయితే పదింటిదాకా ఇల్లు ప్రశాంతంగా ఉంటుందన్నమాట," అంది భార్య, ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ.

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. మూడు నెలలుగా ఈయన ఇంగ్లీషు నేర్చుకుంటున్నాడు. అంటే, ఇంగ్లీషు నేర్పే సరంజామా పోగేస్తున్నాడు. ఫోన్లో పద్నాలుగు యాప్‌లు, అన్నీ ఉచితం. తొమ్మిది వందల పేజీల వ్యాకరణం ఒకటి ఊరికే వస్తోందని దింపుకున్నాడు, ఇంతవరకు దాని అట్ట రంగేమిటో తెలియదు. నలభై వీడియో ఛానళ్లకు చందాదారు. మూడు గ్రూపుల్లో సభ్యుడు. ఇంగ్లీషు రాని రెండు వందల మంది, ఇంగ్లీషు రాని మరో రెండు వందల మందికి పొద్దున్నే ఇంగ్లీషులో శుభోదయం చెప్పుకునే గ్రూపులవి. ఉచితం అన్న మాట కనబడితే చాలు, ఆయన వేలు ఆగదు. వచ్చినదాన్ని వాడుకోవాలన్న దురాశ మాత్రం ఏనాడూ లేదు.

నిజంగా వాడింది ఒక్కటే, ముప్ఫై పాఠాల సంభాషణ యాప్. అందులో ఒక మగ గొంతు ప్రశ్న అడుగుతుంది. ఈయన ఆ ప్రశ్నను తిరిగి అంటాడు. తర్వాత జవాబు రావాలి కదా, అక్కడ చిన్న తాళం బొమ్మ కనబడి ఆరు సెకన్ల పాటు నిశ్శబ్దం. ఎందుకంటే ఆ యాప్‌లో ప్రశ్నలు మాత్రమే ఉచితం. జవాబులు కావాలంటే డబ్బు కట్టాలి. స్టోర్‌కీపర్ కట్టే బాపతు కాదు. ఆరు సెకన్లు ఓపిక పట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయేవాడు. అలా ముప్ఫై పాఠాలూ ముగించాడు. మూడు వందల ప్రశ్నలు కంఠతా వచ్చాయి. జవాబు ఒక్కటి రాదు.

అందుకు సిగ్గుపడాల్సింది పోయి ఒక సిద్ధాంతం కూడా తయారుచేసుకున్నాడు. "మాటల్లో అడిగేవాడిదే పైచేయి. చెప్పేవాడు ఎప్పుడూ కిందే," అని భార్యకు నెలకు నాలుగుసార్లు చెప్పేవాడు. అదీ ఏదో ఉచిత వీడియోలో విన్నదే.

ఆ ఆరు సెకన్ల నిశ్శబ్దం అత్తగారికి మాత్రం అస్సలు పడేది కాదు. ఆవిడ ముప్ఫై ఒక్క ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. అవతలివాళ్లు అడిగాక ఇవతల నోరు మూసుకుని కూర్చోవడం నేరమని ఆవిడకు ఒంట్లో ఇంకిపోయింది. అందుకని హాల్లో ఫోన్ ప్రశ్న అడగ్గానే వంటింట్లోంచి ఆవిడ జవాబిచ్చేది. మొదట్లో తెలుగులో, తర్వాత డ్యూటీలో వాడిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో, ఇప్పుడేమో నిండు వాక్యాలతో. తెలియని మాట తగిలితే మధ్యాహ్నం గ్రంథాలయం వాళ్ల ఉచిత నిఘంటువు తన ఫోన్లో తెరిచి చూసుకుని నోటుపుస్తకంలో రాసుకునేది. సాయంత్రం రేడియోలో నెమ్మదిగా చదివే ఇంగ్లీషు వార్తలు వినేది. ఇవన్నీ అల్లుడి దృష్టిలో కాలక్షేపం.

ఆ ఉదయం కూడా అదే జరిగింది. "ఈ రైలు అన్ని స్టేషన్లలోనూ ఆగుతుందా?" అని ఫోన్ ఇంగ్లీషులో అడిగింది. స్టోర్‌కీపర్ కళ్లు మూసుకుని అదే ప్రశ్న అప్పజెప్పాడు.

"లేదు బాబూ, పెద్ద స్టేషన్లలోనే ఆగుతుంది," అని వంటింట్లోంచి ఇంగ్లీషులో వినబడింది.

స్టోర్‌కీపర్ కళ్లు తెరిచాడు. "అత్తయ్యగారూ, మీరు మధ్యలో రాకండి. నా ఏకాగ్రత చెడుతోంది."

"మూడు నెలల్నుంచీ అడుగుతున్నాడండీ పాపం ఆ మనిషి. ఒక్కరూ పలకరేం?"

"అది మనిషి కాదండీ, యాప్."

"అయితే మాత్రం, అడిగాడుగా."

"మీది ఎక్స్ఛేంజి ఇంగ్లీషు. విదేశీయుల దగ్గర అది చెల్లదు. నా మానాన నన్ను వదిలేయండి," అని విసుక్కున్నాడు. దాంతో ప్రతిజ్ఞ భంగమైంది. అప్పటికి టైము ఏడూ పది.

ఇంత హడావుడి ఎందుకంటే, ఆయన పనిచేసేది గొడుగుల ఫ్యాక్టరీలో. ఏడాదిగా ఆర్డర్లు లేవు. మూడు నెలల కిందట ఒక విదేశీ టోకు వ్యాపారి వచ్చి చూస్తానని కబురు పంపితే, యజమాని అందర్నీ పోగేసి "మీలో ఇంగ్లీషు ఎవరికొచ్చయ్యా?" అని అడిగాడు. అందరూ నేల చూశారు. స్టోర్‌కీపర్ చెయ్యెత్తాడు. ఎత్తడమే కాదు, సాక్ష్యం కూడా చూపించాడు. మొదటి పాఠం ముగించినందుకు యాప్ ఉచితంగా ఇచ్చిన సర్టిఫికెట్‌ను రంగుల్లో ప్రింటు తీయించి, అద్దం కట్టించి, స్టోరు గోడకు తగిలించి ఉంచాడు మరి.

"ఆర్డరు వచ్చిందా, నువ్వు ఎగుమతుల మేనేజరువి. పైన కిటికీ ఉన్న గది నీదే," అన్నాడు యజమాని. "రాలేదా, రెండో షిఫ్టు మూసేస్తా. గుడ్డ కుట్టే నలభై మంది ఆడవాళ్లకి రేపట్నుంచి రావొద్దని నువ్వే చెప్పాలి. అది తెలుగులోనే చెప్పొచ్చులే."

యజమాని సంగతి కూడా చెప్పుకోవాలి. ఆయనకూ ఇంగ్లీషు రాదు. రాదని చచ్చినా ఒప్పుకోడు. వాక్యంలో ఒక్క మాట పట్టుకుంటాడు, "అర్థమైంది" అంటాడు, వెంటనే ఎవరికో ఒకరికి పని పురమాయిస్తాడు. ఎదురు ప్రశ్న వేస్తే తమకు రాదని ఒప్పుకున్నట్టవుతుందని కింద ఉన్నవాళ్లు కూడా నోరెత్తరు. ఫ్యాక్టరీ అంతా ఈ పద్ధతి మీదే నడుస్తోంది. ఒకసారి గుడ్డ పంపేవాళ్ల ఉత్తరంలో 'రెడ్' అన్న మాట చూసి మూడు వేల ఎర్ర గొడుగులు కుట్టించాడు. ఎర్ర గుడ్డ నాసిరకం, వాన కారుతుంది, వాడకండి అని వాళ్లు రాశారట. ఆ మూడు వేలూ ఇంకా స్టోర్లోనే మూలుగుతున్నాయి. వాటిలో ఒకటి స్టోర్‌కీపర్ ఊరికే వస్తోందని ఇంటికి తెచ్చి అత్తగారికి బహుమానంగా ఇచ్చాడు.

పదింటికి అతిథి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, కళ్లజోడుతో, రాత్రంతా ప్రయాణం చేసిన ముఖంతో ఉన్నాడు. ఆయన దేశం భాష వేరే ఏదో, ఇంగ్లీషు ఆయనకూ పరాయిదే. కూర్చోగానే తన ఫోన్‌ను ఒక చిన్న స్టాండు మీద నిలబెట్టాడు. తెరలో ఆయన యజమాని, బట్టతల పెద్దమనిషి, చేతులు కట్టుకుని చూస్తున్నాడు. బల్ల మీద ఆరు నల్ల గొడుగులు, ఆరు ఎర్ర గొడుగులు పేర్చి ఉన్నాయి. ఈ పక్క యజమాని, ఆ పక్క తెరలో యజమాని, మధ్యలో వీళ్లిద్దరూ.

స్టోర్‌కీపర్ గొంతు సవరించుకుని మొదటి పాఠం మొదటి ప్రశ్న వదిలాడు. "నమస్కారం. ఈ కుర్చీలో ఎవరైనా కూర్చుంటున్నారా?"

అతిథి ఉలిక్కిపడి తన కుర్చీకేసి చూసుకున్నాడు. కాసేపు పెదాలు కదిపాడు. "ఈరోజు వాతావరణం ఎలా ఉంది?" అన్నాడు.

"మీరు ఇక్కడికి తరచుగా వస్తుంటారా?"

"మీకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్నారా?"

స్టోర్‌కీపర్‌కు ఎక్కడో చురుక్కుమంది. అది మొదటి పాఠంలో నాలుగో ప్రశ్న. మాటమాటకీ ఆగడం, చివర సాగదీయడం, అంతా అచ్చు ఆ యాప్‌లో గొంతే. అతిథి కూడా కళ్లజోడు పైకి తోసుకుని ఈయన్ని అదోలా చూశాడు. ఒకే ఇంట్లో రెండు కిటికీల్లోంచి దూరిన ఇద్దరు దొంగల్లా ఒకరినొకరు పోల్చుకున్నారు. ఆయనా ఊరికే వచ్చినదే నేర్చుకున్నాడు. ఆయన దగ్గరా ఒక్క జవాబు లేదు. చెప్పేద్దామంటే ఇటు ఒక యజమాని, అటు ఒక యజమాని. చేసేదేం లేక ఇద్దరూ రెండో పాఠంలోకి వెళ్లారు.

అరగంట గడిచింది. ఒక్కరూ ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పలేదు. యజమాని మురిసిపోతున్నాడు. "బేరం భలే గట్టిగా నడుస్తోంది. ఇద్దరిలో ఒక్కడూ దిగడం లేదు," అని గుమ్మం దగ్గరున్న వాచ్‌మన్ చెవిలో ఊదాడు.

మూడో పాఠం రైళ్లది. "ఈ రైలు ఏ ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరుతుంది?" అని అతిథి అడిగాడు. యజమాని చెవికి 'ట్రైన్' తగిలింది.

"అర్థమైంది," అన్నాడు. "పాపం ఆయనకి రైలు టైమైపోతోంది. భోజనాలు ఆపేయండి. కారు గేటు దగ్గర పెట్టి, ఆయన పెట్టెలు ఎక్కించండి."

ఆయన అడిగింది అది కాదని స్టోర్‌కీపర్‌కు తెలుసు. కాదంటే "మరి ఏమడిగాడు, నువ్వేం చెప్పావు?" అంటాడు యజమాని. అందుకని తల ఊపి ఊరుకున్నాడు. కిటికీలోంచి తన పెట్టెలు ఎవరి కారులోకో ఎక్కడం అతిథి కళ్లారా చూశాడు. తొమ్మిదో పాఠంలోకి ఒక్క దూకు దూకాడు.

"నా సామాను ఎక్కడుంది?"

ఆరోజు మొదటిసారి అవసరానికి తగిన ప్రశ్న పడింది. జవాబు చెప్పాల్సినవాడు స్టోర్‌కీపర్. ఆయనకు తెలిసింది దాని తర్వాతి ప్రశ్నే. "మీ సామాను ఏ రంగులో ఉంటుంది?" అన్నాడు.

అతిథి చెయ్యి గుండె మీదికి పోయింది. పదో పాఠం వచ్చేసింది. "ఇక్కడ దగ్గర్లో డాక్టర్ ఉన్నారా?"

"అర్థమైంది," అన్నాడు యజమాని, ఈసారి కంగారుగా. అతిథి చూపు స్టోర్‌కీపర్ మీదే ఉంది. స్టోర్‌కీపర్ చొక్కా చెమటకు ముద్దయిపోయింది. ఇంకేముంది, ఈయన వాలకం చూసే ఆయన డాక్టర్ని పిలవమంటున్నాడు. యజమాని అంబులెన్సుకు ఫోన్ చేయించి, ఆ వెంటనే స్టోర్‌కీపర్ ఇంటికి తనే చేశాడు. "అమ్మా, కంగారుపడకండి. మీవారికి గుండెలో ఏదో తేడాగా ఉందట. విదేశీయుడు చూసి చెప్పాడు."

ఇలా చెబితే కంగారుపడకుండా ఎవరుంటారు? భార్య ఇస్త్రీపెట్టె అలాగే వదిలేసింది. తల్లి మాత్రం దాని స్విచ్చి తీసి, నోటుపుస్తకం సంచీలో వేసుకుని, వెంట బయలుదేరింది. దొరికిన బండెక్కి ఇద్దరూ ఫ్యాక్టరీ దారి పట్టారు.

అంబులెన్సు మోత వినబడేసరికి అతిథికి ఉన్న కాస్త ధైర్యమూ జారిపోయింది. పెట్టెలు పోయాయి, ఎవరికో ప్రాణం మీదికొచ్చింది, ఏం జరుగుతోందో చెప్పే నాథుడు లేడు. పదకొండో పాఠం అత్యవసరాలది. "ఫైర్ ఎగ్జిట్ ఎక్కడుంది?" అని లేచి నిలబడ్డాడు.

యజమానికి 'ఫైర్' ఒక్కటే చాలింది. అర్థమైందని కూడా అనలేదు. గోడకున్న గంట నొక్కి, కిటికీలోంచి తల బయటపెట్టి "మంటలు, మంటలు" అని కేకలేశాడు. మిషన్ల ముందు కూర్చున్న ఆడవాళ్లంతా పరుగున ఆవరణలోకి వచ్చి నిలబడ్డారు. కబురు కోసం పొద్దున్నే వచ్చిన రెండో షిఫ్టు నలభై మందీ అప్పటికే అక్కడున్నారు. వాళ్లకు వారం నుంచీ ఒకటే దిగులు, ఈ పూట తేలిపోతుందని. ఇలా తేలుతుందని ఎవరూ అనుకోలేదు. పెట్టెలు ఎక్కించడానికి కిందికి దిగిన వాచ్‌మన్ అక్కడి పంపు విప్పి, గొట్టం పట్టుకుని, కేక ఏ కిటికీలోంచి వినబడిందో ఆ కిటికీలోకే నీళ్లు కొట్టాడు. మనిషి నమ్మకస్తుడు. మంట కనబడకపోయినా ఆపలేదు.

గదిలో జడివాన మొదలైంది. అతిథి ముందుగా స్టాండు మీది ఫోన్‌ను కోటు జేబులోకి లాక్కుని, తర్వాత చేతికందిన ఎర్ర గొడుగు తెరిచాడు. అది నాలుగు చోట్ల కారి కళ్లజోడు మీద పడింది. యజమాని ఇంకో ఎర్రది తెరిచాడు. అదీ అంతే. స్టోర్‌కీపర్ చేతికి నల్లది తగిలింది, తెరిస్తే చుక్క దిగలేదు. అతిథి తనది పారేసి ఈయన గొడుగు కిందికి వచ్చేశాడు. ఇద్దరూ భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. ఏదో ఒకటి మాట్లాడకపోతే బాగుండదు కదా.

"ఇందులో ఇంకో సైజు ఉందా?" అన్నాడు అతిథి నీరసంగా.

"మీరు దీన్ని ఒకసారి వేసుకుని చూస్తారా?" అన్నాడు స్టోర్‌కీపర్ అంతకన్నా నీరసంగా.

అప్పుడే తలుపు తోసుకుని భార్యా, అత్తగారూ లోపలికొచ్చారు. మొగుడు గొడుగేసుకుని నిక్షేపంగా నిలబడి ఉండటం చూసి భార్యకు ప్రాణం కుదుటపడింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. అత్తగారు కిటికీ దగ్గరికెళ్లి "బాబూ, ఇక ఆపు. ఇక్కడ మంటల్లేవు, మనుషులున్నారు," అంది. నీళ్లు ఆగిపోయాయి.

అతిథి ముక్కు మీంచి నీళ్లు కారుతున్నాయి. కొత్తగా వచ్చిన ఆ పెద్దావిడకేసి తిరిగి, తన దగ్గర మిగిలిన ఆఖరి పాఠంలో ఆఖరి ప్రశ్న అడిగాడు.

"ఇక్కడ ఇంగ్లీషు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

మూడు నెలలుగా ఆ ప్రశ్న ఆ ఇంటి హాల్లో మోగుతూనే ఉంది. మూడు నెలలుగా ఆవిడ వంటింట్లోంచి దానికి జవాబిస్తూనే ఉంది. ఆరు సెకన్లు కూడా పట్టలేదు.

"ఉన్నానండీ. చెప్పండి, మీకేం కావాలి?" అంది ఇంగ్లీషులో.

అతిథి తడి కుర్చీలోనే కూలబడ్డాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన కళ్లు కూడా తడిగా ఉన్నాయి, అవి పంపు నీళ్లు కావు. "నా సామాను ఎక్కడుంది?" అని మళ్లీ అడిగాడు, నమ్మకం లేకుండా.

ఆవిడ వాచ్‌మన్ని అడిగి, ఇటు తిరిగి "కారులో ఉందండీ. భద్రంగా ఉంది. తెప్పిస్తున్నాను," అంది.

ఆ తర్వాత జరిగింది చూస్తూ నిలబడ్డ స్టోర్‌కీపర్‌కు తల కొట్టేసినట్టయింది. కొనడానికి వచ్చినవాడికి ప్రశ్నలే కావాలి. జవాబులు కావాల్సింది అమ్మేవాడికి. అతిథి నేర్చుకున్న ఉచిత చదువు ఆయన పనికి సరిగ్గా సరిపోయింది. ఈయన నేర్చుకున్నదే ఎందుకూ కొరగాలేదు. పైచేయి సిద్ధాంతం ఆ నీళ్లతోపాటే గుమ్మం దాటి వెళ్లిపోయింది.

అతిథి జేబులోంచి ఫోన్ తీసి స్టాండు మీద మళ్లీ నిలబెట్టి, అంగడి పాఠంలోకి దిగాడు. "ఇది ఏయే రంగుల్లో దొరుకుతుంది?"

"నలుపు, ఎరుపు. ఎరుపు తీసుకోకండి, కారుతుంది. మా అల్లుడు నాకొకటి ఇచ్చాడు. రెండు వానలకే తేలిపోయింది."

యజమానికి 'రెడ్' వినబడింది. "అర్థమైంది. ఎర్రవి కావాలంటున్నాడు, మూడు వేలూ కట్టేయండి," అని లేవబోయాడు.

"కూర్చోండి," అంది ఆవిడ తెలుగులో. "మీకు అర్థం కాలేదు."

ఆ ఫ్యాక్టరీ పెట్టిన నాటినుంచి ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు. కూర్చున్నాడు.

"నల్లవి పదిహేను వేలు కావాలంటే ఎప్పటికి ఇవ్వగలరు?" అన్నాడు అతిథి. ఆ ప్రశ్నలో అంకె ఆయన సొంతం, మిగతాదంతా పాఠంలోది. ఆవిడ యజమానికేసి తిరిగింది. "ఎన్ని రోజులు పడుతుంది?"

"అర్థమైంది..."

"అర్థమవడం కాదండీ, చెప్పండి. లైన్లో ఆయన ఎదురుచూస్తున్నారు."

"రెండు షిఫ్టులూ నడిస్తే ఆరు వారాలు," అన్నాడు యజమాని చిన్న గొంతుతో. ఆవిడ ఆ మాట అతిథికి అందించింది. అతిథి తెరలో ఉన్న బట్టతల పెద్దమనిషికి తమ భాషలో ఏదో చెప్పాడు. పెద్దమనిషి మొదటిసారి కట్టుకున్న చేతులు విప్పి తలూపాడు. రెండో షిఫ్టు నిలబడింది. కిటికీలోంచి ఆ సంగతి చెబితే ఆవరణలో ఉన్న నలభై మందిలో కొందరు నవ్వారు, ఒకావిడ తడి నేల మీద కూర్చుని ఏడ్చేసింది.

అంబులెన్సువాళ్లు మాత్రం ఖాళీగా వెనక్కి పోమని పట్టుబట్టారు. స్టోర్‌కీపర్ని ఎక్కించుకుని తీసుకెళ్లారు. నొప్పి ఎక్కడ, ఎప్పట్నుంచి, ఇంతకుముందు వచ్చిందా అని అక్కడ డాక్టర్ వరసగా అడిగాడు. ఈయన ఒక్కదానికీ బదులు చెప్పలేదు. చెప్పే అలవాటు పోయింది. ఒంట్లో ఏ రోగమూ లేదని తేల్చి సాయంత్రానికి ఇంటికి పంపేశారు.

సోమవారం యజమాని అందర్నీ మళ్లీ పోగేశాడు. "నాకు మొదట్నుంచీ అంతా అర్థమవుతూనే ఉంది. ఎక్కడిదాకా పోతుందో చూద్దామని ఊరుకున్నాను," అన్నాడు. ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు. పైన కిటికీ ఉన్న గది అత్తగారికి దక్కింది. ఆవిడ నోటుపుస్తకం, రేడియో తెచ్చుకుని అందులో కూర్చుంది. ఎగుమతుల మేనేజరు అని తలుపు మీద రాయించారు.

"అమ్మకి ఆ కిటికీ బాగా నచ్చిందటండీ," అంది భార్య ఆ రాత్రి అన్నం పెడుతూ. ఆయన పచ్చడి గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

మర్నాడు సిగ్గు విడిచి యజమాని గదికి వెళ్లాడు. స్టోరు గోడ మీది సర్టిఫికెట్ అప్పటికే ఎవరో తీసేశారు, మేకు మాత్రం ఉంది. "సార్, నా సంగతేమిటి?" అన్నాడు.

"అదిగో, ఎంత చక్కగా అడిగావయ్యా," అన్నాడు యజమాని. "ప్రశ్నలడగడంలో నిన్ను మించినవాడు లేడు. నీకు తగ్గ పనే చూశాను."

ఇప్పుడు స్టోర్‌కీపర్ గేటు దగ్గర రిజిస్టరు ముందేసుకుని కూర్చుంటాడు. ఎవరు మీరు, ఎక్కడినుంచి వచ్చారు, ఎవర్ని కలవాలి అని అడుగుతాడు. జవాబులు వచ్చినవాళ్లే చెబుతారు, ఉచితంగా.